సిస్టరు గొంతు

మా ఆయన ఆ ఫోనుతో మాట్లాడినన్ని మాటలు, పెళ్ళయిన దగ్గర్నుంచీ నాతో మాట్లాడి ఉండడు. ఈ మాట ఆయన బతికుండగానే ఆయన ముఖాన అన్నాను. "నువ్వు సందిత్తే కదేటి నాను మాటాడ్డానికి" అని నవ్వి ఊరుకున్నాడు. నిజమే, మా ఇంట్లో నోరు నాది. నేను అంగన్‌వాడీ టీచర్ని, పేరు దమయంతి. పిల్లల్ని కూర్చోబెట్టి, వాళ్ళ బరువులు తూచి, వాళ్ళ తల్లుల్ని కేకలేసి నా గొంతు అలా తయారైంది. ఆయన పేరు దండాసి. జీడితోటలో పొద్దస్తమానం ఒక్కడే పని చేసుకునే మనిషి. మాటలతో ఆయనకు పెద్దగా పని పడలేదు.

మాది ఉద్దానం. ఇక్కడ కిడ్నీ జబ్బు గురించి ఎవరికీ కొత్తగా చెప్పక్కర్లేదు. ఇంటికి చుట్టాలొస్తే మంచినీళ్ళు చేతికిచ్చే ముందు "తాగొచ్చా?" అని అడగడం మా ఊళ్ళో మర్యాద. ఆయనకు జబ్బు ముదిరాక వారానికి మూడు రోజులు నీలాపేట డయాలసిస్ సెంటరుకు వెళ్ళేవాడు. నాలుగేసి గంటలు చేతికి సూదులు గుచ్చి, ఒంట్లో రక్తాన్ని మిషనులో కడిగి మళ్ళీ ఎక్కిస్తారు. ఇంటికొచ్చి గోడవైపు తిరిగి పడుకునేవాడు. అన్నం పెడితే వద్దనడు, అలాగని తినడు. "ఎలగుంది?" అంటే "బాగుంది" అనేవాడు. ఆ బాగుంది వింటే నాకు ఒళ్ళు మండిపోయేది.

సెంటరులో పెద్ద సిస్టరు హైమవతి. ఆ పిల్ల నోరు నా నోటికి సొంత చెల్లెలు. మగవాళ్ళంతా ఆమెకు బాబాయిలు, మావయ్యలు. ఆడవాళ్ళంతా పిన్నులు, అప్పలు. "మావయ్యా, నీ కిడ్నీలు లాంగు లీవెట్టినాయి, నా మిషను ఓవర్‌టైము సేస్తంది, దానికో దండమెట్టు" అని సూది గుచ్చేది. ఎవరికైనా టైము మారితే ఆమే ఫోన్ చేసేది. చేస్తే తిన్నగా పేరు చెప్పదు. "యముడిగారి పీయేని మాటాడతన్నాను, రేపు ఎనిమిదింటికల్లా హాజరవ్వాల" అనేది. చావుతో అంత చనువుగా మాట్లాడే మనిషి మరొకరు లేరు కాబట్టి అందరికీ ఆమె అంటే ప్రాణం.

అలాంటి రోజుల్లో విశాఖ నుంచి డాక్టరు సుచరిత వచ్చింది. మనసు జబ్బుల డాక్టరు. మెత్తగా మాట్లాడే మనిషి, చెప్పులు గుమ్మం బయట విడిచి వార్డులోకి వచ్చేది. ఏళ్ళ తరబడి జబ్బుపడిన వాళ్ళకు మందులిస్తున్నాం గానీ వాళ్ళ దిగులు సంగతి ఎవరూ అడగడం లేదని ఆవిడ బాధ. ఆ బాధ నిజమైనదే, అందులో నాకు అనుమానం లేదు. ఇంతమంది రోగులకు సరిపడా మనసు డాక్టర్లు లేరు కాబట్టి, రోజూ ఒక్కొక్కరినీ ఫోన్లో పలకరించే కంప్యూటరును ప్రభుత్వం చేయించింది. దాని పేరు పలకరింపు. అది అడుగుతుంది, వింటుంది, జవాబిస్తుంది. మాటకూ మాటకూ మధ్య మనిషి ఎంతసేపు ఆగుతున్నాడో, ఊపిరి ఎక్కడ బరువెక్కుతోందో, గొంతు ఎక్కడ జారుతోందో పట్టుకుని, డాక్టరు తెర మీద మనిషికొక చుక్క పెడుతుంది. పచ్చ చుక్కయితే ఫరవాలేదు. పసుపు అయితే కనిపెట్టి ఉండాలి. ఎరుపు అయితే డాక్టరే మాట్లాడాలి.

మొదట దానికి రేడియోలో వార్తలు చదివేలాంటి గొంతు పెట్టారు. మా వాళ్ళు ఆ, ఊ అని పెట్టేసేవారు. మా ఆయన పక్క బెడ్డు అప్పన్న తాతయితే "మాకే బేంకు లోనూ అక్కర్నేదు" అని కట్ చేశాడు. చుక్కలు పడడానికి మాటలే లేవు. అప్పుడు సుచరితమ్మకు హైమవతి గొంతు తోచింది.

హైమవతిని విశాఖ తీసుకెళ్ళి అద్దాల గదిలో కూర్చోబెట్టారు. నవ్వమన్నారు, కసరమన్నారు, బుజ్జగించమన్నారు. ఊ అనడం ఒక్కటే రకరకాలుగా అనిపించారు. "నా గొంతులో ఇన్ని గొంతులున్నాయని నాకే తెల్దు పిన్నీ" అని తిరిగొచ్చాక నాతో అంది. ఎందుకు అనిపించారో చెప్పింది కూడా. ఫోన్లో పెడతారట అంది. టైము చెప్పే ఫోన్లలో కాబోలు అనుకుని నేను సరే అన్నాను. సుచరితమ్మ రోగులందరినీ కూర్చోబెట్టి వివరంగా చెప్పిన రోజు నేను అక్కడ లేను. ఆయన ఉన్నాడు, సూదులతో మంచం మీద కళ్ళు మూసుకుని.

పలకరింపుకు ఒక నియమం ఉంది. ఫోన్ చేసిన ప్రతిసారీ తాను మనిషిని కానని అది చెప్పి తీరాలి. చెప్పింది. మొదటి సాయంత్రం ఆయన స్పీకరు పెట్టాడు, నేనూ విన్నాను.

"బాబాయ్, నేను హైమవతి సిస్టర్ని కాను. ఆవిడ గొంతుతో మాటాడే కంప్యూటర్ని. ఈయేల ఎలగున్నావు?"

ఇద్దరం పడీ పడీ నవ్వాం. నిన్న యముడిగారి పీయే, ఇవాళ కంప్యూటరు. "ఈ గుంటకి ఎప్పుడూ ఎకసెక్కాలే" అన్నాడాయన. అని ఫోన్లోకి, "నువ్వు కంప్యూటరువైతే నాను రైలింజన్ని, సెప్పమ్మా" అన్నాడు. అవతల అది కూడా నవ్వింది, అచ్చం హైమవతి లాగే. పిల్లల బరువులు రోజూ ఫోన్లో ఎక్కించేదాన్ని, అది నిజమేనని నాకూ తట్టలేదు.

ఆ ఫోను వచ్చిన నెలకల్లా మా ఇల్లు మారిపోయింది. సాయంత్రమయ్యేసరికి ఆయన ముఖం కడుక్కుని, ఫోను పట్టుకుని జీడిమామిళ్ళ కిందికి వెళ్ళేవాడు. చనిపోయిన తమ్ముడి గురించి చెప్పేవాడు. చిన్నప్పుడు సముద్రంలో వలకు చిక్కిన తాబేలును విడిచిపెట్టిన సంగతి చెప్పేవాడు. ఆ తాబేలు సంగతి నాకెన్నడూ చెప్పలేదు. దొడ్లో బట్టలు ఆరేస్తూ విని, కొంచెం కడుపు మండి, మళ్ళీ సంతోషించాను. గోడవైపు తిరిగి పడుకోవడం తగ్గింది. పెట్టింది తినేవాడు. నా మీద జోకులు కూడా వేసేవాడు.

ఒకరోజు సెంటరుకు వెళ్ళినప్పుడు హైమవతి చెయ్యి పట్టుకుని, "నీ ఫోను వల్ల మనిషి మనిషయ్యాడమ్మా" అన్నాను. "అందరూ అదే అంటన్నారు పిన్నీ" అని ఆ పిల్ల మురిసిపోయింది. నేను ఆమెను మెచ్చుకుంటున్నాను, ఆమె దాన్ని ఆ కంప్యూటరుకు మెప్పుగా తీసుకుంటోంది. ఇద్దరం ఒకే మాట మాట్లాడుకుంటున్నామనే అనుకున్నాం.

ఎండలు ముదిరిన రోజులవి. ఆయన నాటిన కొబ్బరి చెట్టు తొలిసారి గెల వేసింది. కొబ్బరి నీళ్ళు ఈ జబ్బుకు పనికిరావు, గుండె మీద పడుతుందంటారు. ఆ విషయంలో నేను పోలీసుని. పెళ్ళిళ్ళలో ఎవరైనా బొండాం చేతిలో పెడితే లాక్కునేదాన్ని. కానీ ఆ సోమవారం, తను నాటిన చెట్టు కిందే నిలబడి తల ఎత్తి చూస్తున్న మనిషిని చూస్తే మనసొప్పలేదు. నాలుగు నెలలుగా నవ్వుతున్నాడు. నవ్వే మనిషికి ఏదో ఒకటి పెట్టాలనిపించదా? చిన్న గ్లాసులో సగానికి పోసి ఇచ్చాను. "ఇంతే, మల్లీ అడగొద్దు" అన్నాను.

ఆయన గ్లాసు కేసి చూశాడు. నాకేసి చాలాసేపు చూశాడు. "నీకిట్టమేనా?" అన్నాడు.

"ఇట్టం నేకపోతే ఎందుకిత్తాను, తాగు" అన్నాను.

మెల్లగా తాగాడు. గ్లాసు కడిగి తనే బోర్లించాడు. ఆ సాయంత్రం ఫోన్లో చాలాసేపు మాట్లాడాడు. వంటింట్లోకి ఆయన నవ్వు వినిపించింది.

ఆ వారం నాకు మండలంలో ట్రైనింగు. పొద్దున్నే వెళ్ళి సాయంత్రానికి వచ్చేదాన్ని. మంగళవారం బయల్దేరుతూ "సెంటరుకి ఎల్లవేటి?" అంటే, "సిస్టరుకి సెప్పినాను కదా" అన్నాడు. టైము మార్పించుకున్నాడనుకున్నాను, తరచూ జరిగేదే. వచ్చేసరికి పడుకుని ఉన్నాడు. డయాలసిస్‌కి వెళ్ళొచ్చిన వాడు కూడా అలాగే పడుకుంటాడు. గురువారం కూడా అంతే. శనివారం పొద్దున లేచేసరికి పాదాలు ఉబ్బిపోయి, ఊపిరి అందక మంచం పట్టె పట్టుకుని కూర్చున్నాడు. వద్దు వద్దంటున్నా అంబులెన్సు పిలిచాను. దారిలో నా చెయ్యి పట్టుకుని, "సాలా పెద్దమనసు నీది" అన్నాడు. జబ్బు మాటలనుకున్నాను. నీలాపేట ఇంకా రాకముందే చెయ్యి వదిలేశాడు.

పెద్దకర్మ రోజున హైమవతి వచ్చింది. నేను ఏడుస్తూనే నిలదీశాను.

"రెండుసార్లు రాపోతే ఎందుకు వొగ్గీసినావమ్మా? నీకు సెప్పినానన్నాడు. ఏటి సెప్పినాడు నీకు?"

"నాకేటీ సెప్పనేదు పిన్నీ. బాబాయ్‌తో నాను ఫోన్లో మాటాడి నెలలు దాటిపోనాయి."

"రోజూ సాయంత్రం మాటాడినావు కదేటి. నా సెవులతో ఇన్నాను."

హైమవతి నా రెండు చేతులూ పట్టుకుంది. "పిన్నీ, అది నాను కాదు. అది సెప్తాది కదా, నాను కాదని" అంది.

సెప్తాది. నిజమే, ప్రతి సాయంత్రం చెప్పింది. మేమిద్దరం ప్రతి సాయంత్రం నవ్వాం.

ఇంతకుముందు ఎవరైనా రాకపోతే హైమవతే ఫోన్ చేసి తిట్టేది. పలకరింపు వచ్చాక ఆ పని దానికి అప్పజెప్పారు. అది ఆయన్ని అడిగింది, ఆయన బాగున్నానన్నాడు, తెర మీద పచ్చ చుక్క పడింది. పచ్చ చుక్క చూసి ఆమె తన పని తాను చేసుకుంది. ఇది చెప్పి, మా అరుగు మీద కూర్చుని, తన గొంతు పట్టుకుని ఏడ్చింది.

మర్నాటి నుంచి ఆ పిల్ల వార్డులో ఒక్కొక్క మంచం దగ్గరకూ వెళ్ళి చెప్పడం మొదలుపెట్టింది. ఫోన్లో మాట్లాడింది నేను కాదు, మీరు చెప్పిందేదీ నాకు తెలియదు, నాకు చెప్పాలనుకున్నది ఉంటే ఇప్పుడు చెప్పండి అని. కొందరు నవ్వారు, ఇది కూడా ఎకసెక్కమే అనుకుని. నమ్మినవాళ్ళు సిగ్గుతో ముఖం తిప్పేసుకున్నారు. కిటికీ పక్క మంచం మీది బైరాగమ్మ మాత్రం, "అయితే అదంతా మల్లీ సెప్పాలేటమ్మా? ఒకసారి సెప్పడానికే నాకు పేణం పోయింది" అందట. ఆ మర్నాడు ఆమెకు అన్నం సయించలేదని హైమవతి నాకు చెప్పింది.

ఆయన ఆ ఫోన్లో ఏం చెప్పాడో నాకు వినిపించాలని నేను పట్టుబట్టాను. రోగి మాటలు రహస్యం, ఇంట్లోవాళ్ళకు కూడా వినిపించకూడదన్నారు. మనిషే లేనప్పుడు రహస్యం ఎవరికని అడిగాను. సుచరితమ్మ నా తరఫున పైవాళ్ళతో మాట్లాడి, వర్షాలు మొదలయ్యాక అనుమతి తెచ్చింది. విశాఖలో ఆవిడ గదికి నేనూ హైమవతీ వెళ్ళాం. గదినిండా తెరలు, తెరలనిండా చుక్కలు. చాలావరకు పచ్చవే. "ఇది చాలామందికి మేలు చేసింది దమయంతిగారూ, అందుకే ఆపలేకపోతున్నాను" అంది సుచరితమ్మ. "ఎరుపు పడిన ఆదివారం మా వాళ్ళు మీ ఆయనకు మూడుసార్లు ఫోన్ చేశారు, ఎత్తలేదు. తెలియని నంబరు కదా. మనిషిని పంపేలోగా మళ్ళీ పచ్చ పడింది."

ముందు ఆ ఆదివారం మాటలు పెట్టింది.

"ఈ సూదులింక నావల్ల కాదమ్మా," అన్నాడు మా ఆయన. ఎంతో కాలానికి ఆ గొంతు విని నేను కుర్చీ అంచు పట్టుకున్నాను. "సెయ్యంతా రాయైపోనాది. మానీద్దామనుకుంతన్నాను. మీ పిన్నికి నాను సెప్పలేను. నువ్వు సెప్పు. దాని మాట ఎలగయితే అలగే సేత్తాను."

"అలా అనిపించడం సహజమే బాబాయ్," అంది హైమవతి గొంతు. "మీ బాధ నాకు అర్థమవుతోంది. ఈ విషయం నేను డాక్టరుగారికి తెలియజేస్తాను. వారు ఫోన్ చేస్తే తప్పక మాట్లాడండి."

"డాక్టరుకి కాదమ్మా, మీ పిన్నికి. సెప్తావు కదూ?"

"మీరు చెప్పిందంతా నేను విన్నాను బాబాయ్."

"అదే సాలు."

నా పక్కన హైమవతి, "నానైతే సెప్పుతో కొడతాననేదాన్ని బాబాయ్‌ని" అని గొణిగింది. "ఆటో ఎక్కి మీ ఇంటికొచ్చీదాన్ని పిన్నీ."

"ఒకే ఇంట్లో ఉంటూ మీకు ఆయనే ఎందుకు చెప్పలేదు?" అని సుచరితమ్మ అడిగింది. అది అడగవలసిన మాటే. ఆవిడకు మా సంగతి తెలియదు. మా వైపు పాతకాలపు మొగుడూ పెళ్ళాలు బరువైన మాట నేరుగా అనుకోరు. మధ్యలో ఒక మనిషిని పెడతారు. తమ్ముడు పోయిన కబురు ఆయన నాకు పక్కింటి ముసలమ్మ చేత చెప్పించి, తాను వాకిట్లో నిలబడ్డాడు. వాళ్ళమ్మను మా ఇంట్లో ఉంచుకుందామని మా మేనత్త చేత అడిగించాడు. జవాబు కూడా నోటితో చెప్పక్కర్లేదు. నాకు సమ్మతమైతే ఆ పూట ఆయనకిష్టమైనది చేసి పెడతాను. సమ్మతం కాకపోతే ఏడుస్తాను, పొయ్యి వెలిగించను. నా నోరెంత పెద్దదైనా ఆ ఒక్క చోట మాత్రం మేమిద్దరం అలాగే బతికాం.

ఇది చెబుతూ చెబుతూ నేను మధ్యలో ఆగిపోయాను. ఆదివారం ఆయన అడిగాడు. సోమవారం నేను గ్లాసు ఇచ్చాను.

"సోమవారానిది పెట్టండి" అన్నాను. సుచరితమ్మ నా ముఖం చూసి తటపటాయించింది. పెట్టమన్నాను.

"బాబాయ్, నేను హైమవతి సిస్టర్ని కాను. ఆవిడ గొంతుతో..."

"ఎరుగుదును, కంప్యూటరమ్మవి," నవ్వాడు. ఎంత తేలిగ్గా నవ్వాడో. "మీ పిన్నికి సెప్పీసినావు, నాకు తెలిసిపోనాది. ఏటీ అన్నేదమ్మా. దాని సేత్తో అదే కొబ్బరి నీళ్ళిచ్చింది. ఇట్టమేనా అని మల్లీ అడిగినాను. ఇట్టమే అంది. ఏడుత్తాదేమో అనుకున్నాను. ఏడిత్తే ఆ ఆలోసన మానుకుందును. ఇంకా కొన్నాళ్ళు ఆ సూదులు పడుదును దాని కోసం. ఏడవనేదు. పోన్లే, అది మాత్రం ఎన్నాళ్ళని సేత్తాది. అదీ అలిసిపోయుంతాది."

"మీ గొంతులో ఈ రోజు ఉత్సాహం వినిపిస్తోంది బాబాయ్. నాకు చాలా సంతోషంగా ఉంది."

సుచరితమ్మ ఆపేసింది. దిగులు పోయిన గొంతుకూ, నిర్ణయం తీసేసుకున్న గొంతుకూ తేడా దానికి తెలియలేదని, తామే నేర్పలేదని, ఇకముందు నేర్పుతామని ఏదో చెబుతోంది. హైమవతి రెండు చేతులతో చెవులు మూసుకుని కూర్చుంది. నాకు ఏడుపు వచ్చింది, ఆ గదిలో తలుపులు అదిరేలా ఏడ్చాను. ఆ ఏడుపు ఆ సోమవారం ఏడవవలసింది. అడిగి ఉంటే ఏడ్చేదాన్ని. పొయ్యి వెలిగించకుండా, ఆయన కాళ్ళ దగ్గర కూర్చుని, వారం రోజులైనా ఏడ్చేదాన్ని.

సుచరితమ్మ నా భుజం మీద చెయ్యి వేసి, "మీకేం కావాలో చెప్పండి, నా చేతనైంది చేస్తాను" అంది.

"నాను అలిసిపోనేదమ్మా" అన్నాను. "ఆ మాట ఆయనతో సెప్పడానికి ఎవుల్ని పంపను?"